తెనాలిలో ఉండాలా, బెజవాడ పోవాలా?

గత నెలలో ఒక ఆదివారం మా నాన్న నా ముందు తెల్లకాగితం పెట్టి, "ఇంజినీరింగ్ చదువుతున్నావుగా, మధ్యలో గీత గీసి ఒక పక్క మంచి, ఒక పక్క చెడు రాయమ్మా. అది చూసి ఏదో ఒకటి తేలుద్దాం" అన్నారు. తేల్చాల్సింది చిన్న విషయమేం కాదు. తెనాలి మారీసుపేటలో ఉన్న మా ఇల్లు అమ్మేసి విజయవాడలో ఫ్లాట్ కొనాలా, వద్దా?

ఆ కాగితం నాలుగు రోజులు నా బ్యాగులోనే తిరిగింది. ట్రైన్‌లో కూర్చుని రాయబోతే ప్రతి పాయింటూ రెండు పక్కలా పడుతోంది. "విజయవాడ దగ్గర" అన్నది మంచిలో రాశాను. కాసేపటికి అదే చెడులోనూ రాశాను. అక్కడే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది. మన క్లాసులో గుడివాడ నుంచి, నూజివీడు నుంచి, మంగళగిరి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళు తక్కువేం కాదు. ఉద్యోగం వచ్చాక మీ ఇంట్లోనూ ఈ కాగితం బయటికి వస్తుంది, చూస్తూ ఉండండి.

ముందు మా ఊరి సంగతి. 2011 లెక్కల ప్రకారం తెనాలి జనాభా 1,64,937. పల్లెటూరు అంటే మా వాళ్ళు ఒప్పుకోరు, "ఆంధ్రా ప్యారిస్" అని గుర్తుచేస్తారు. సిటీ అంటే మీరు ఒప్పుకోరు. ఇటు గుంటూరు, అటు విజయవాడ, రెండూ అటూఇటూగా ముప్ఫై కిలోమీటర్ల లోపే. మద్రాసు మెయిన్ లైన్ మీద జంక్షన్. ఒక లైను గుంటూరు వెళ్తుంది, ఇంకోటి రేపల్లె వెళ్తుంది. అంటే పెద్ద ఊరు కాకపోయినా పెద్ద ఊళ్ళ దారిలో ఉన్న ఊరు.

ఇలాంటి ఊళ్ళ గురించి విలియం అలోన్సో అనే అమెరికన్ ప్లానర్ 1973లో ఒక మాట వాడాడు. తెలుగులో చెప్పాలంటే "అరువు తెచ్చుకున్న సైజు". చిన్న ఊరు పెద్ద నగరం పక్కన ఉంటే, ఆ నగరం సైజును కొంత అరువు తెచ్చుకుని వాడుకుంటుందట. అక్కడి ఉద్యోగాలు, కాలేజీలు, ఆసుపత్రులు, షాపులు మనకీ అందుతాయి. ట్రాఫిక్, అద్దెలు మాత్రం అక్కడే ఉండిపోతాయి. వినడానికి భలే బేరంలా ఉంది కదా. తెనాలి విషయంలో చాలావరకు నిజం కూడా. నా ఇంజినీరింగ్ సీటు అరువే. నాన్న ఉద్యోగం అరువే. మంగళగిరి ఎయిమ్స్ వచ్చాక మా వీధిలో సగం మంది ఓపీ చీటీలు అక్కడివే.

ఈ అరువు లాభం అంకెల్లో కనపడే చోటు ఒకటుంది, సరదాగా ఉంటుంది వినండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇంటి అద్దె అలవెన్సు ఊరి జనాభాను బట్టి ఇస్తారు. 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షల నుంచి 50 లక్షల దాకా వై, మిగతావన్నీ జడ్. 2024 జనవరి నుంచి మూల వేతనంలో ఎక్స్‌కి 30 శాతం, వైకి 20, జడ్‌కి 10. విజయవాడ వై, తెనాలి జడ్. అయితే ఈ లెక్క ఉద్యోగి డ్యూటీ చేసే ఊరిని బట్టి, ఇల్లున్న ఊరిని బట్టి కాదు. మూల వేతనం 40,000 అనుకోండి. విజయవాడలో పనిచేస్తూ తెనాలిలో కాపురముండే మనిషికి 8,000 వస్తుంది. తెనాలిలోనే పనిచేసే మనిషికి 4,000. ఇద్దరూ ఒకే సందులో ఒకే అద్దె కట్టవచ్చు! మా ట్రైన్‌లో సీజన్ టికెట్ అంకుల్స్ ఎందుకంత నవ్వుతూ పేకాడుకుంటారో నాకు అప్పుడర్థమైంది.

అరువు అన్నాక వడ్డీ ఉంటుంది. ఇక్కడ వడ్డీ డబ్బుల్లో కాదు, గంటల్లో కట్టాలి.

నా లెక్క చెప్తాను. ఇంటి నుంచి స్టేషన్, ట్రైన్, మళ్ళీ అక్కడ్నుంచి కాలేజీ, అన్నీ కలిపి గంటా ఇరవై అయిదు నిమిషాలు. రానూపోనూ రెండు గంటల యాభై. ఏడాదికి 200 రోజులు, నాలుగేళ్ళు. 2,266 గంటలు వస్తుంది. రోజులుగా మారిస్తే 94. అంటే నా బీటెక్‌లో మూడు నెలలు, రాత్రీ పగలూ కలిపి, ప్రయాణంలోనే ఉన్నాను. ఇటలీ శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో రాసిన పేపరు ఒకటి చదివాను. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా మనుషులు ప్రయాణానికి సగటున రోజుకి ఒక గంటే ఇస్తారట. నడిచే రోజుల్లో ఊరు నడక దూరానికి ఆగింది, రైలొచ్చాక రైలు దూరానికి పాకింది, గంట మాత్రం గంటగానే ఉంది. ఆ లెక్కన నేను మానవజాతి సగటుకి దాదాపు మూడింతలు కడుతున్నాను. ఇందులో కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగే సమయం కలపలేదు. ఎదురుగా బ్రిడ్జి, అవతల బెజవాడ కనపడుతూ ఉంటాయి, బండి కదలదు. ఫస్టియర్ ఫిజిక్సులో సగం పాఠాలు నేను అక్కడే చదివాను.

గంటల కంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. సాయంత్రాలు. మన క్లబ్ కవిసమ్మేళనం ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను చివరిదాకా వినలేదు. ఆరున్నర అయ్యేసరికి మైకు దగ్గర ఎవరున్నా సరే, నా చెయ్యి బ్యాగు మీదికి పోతుంది. ఆ బండి తప్పితే తర్వాతి బండి ఉంటుంది, కాదనను. కానీ ఎనిమిది దాటితే నాన్న స్టేషన్ బయట స్కూటర్ మీద కూర్చుని ఉంటారు, అమ్మ గుమ్మంలో ఉంటుంది. నా ఒక్క కవిత కోసం ముగ్గురి రాత్రి భోజనం ఆలస్యం. ఇదే రూట్లో తిరిగే మగపిల్లలకి ఈ లెక్క లేదు, వాళ్ళకి బండి దొరికితే చాలు. చిన్న ఊళ్ళో ఉండడం గురించి రాసేటప్పుడు ఈ తేడా వదిలేస్తే అబద్ధం రాసినట్టే.

కరోనా తర్వాత చాలాకాలం ప్యాసింజర్లకే ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి కనీస టికెట్ 30 రూపాయలు చేశారు, గుర్తుందా? 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10కి దించారు. మీకు అదొక వార్త. మా పెట్టెలో ఆ రోజు స్వీట్లు పంచారు.

ఇక రెండో వడ్డీ. ఇది కంటికి కనపడదు. మర్రిచెట్టు కింద మొక్క ఎదగదు అంటారు కదా, నగరాల గురించి చదివేవాళ్ళు కూడా దీన్ని నీడ అనే అంటారు. పెద్ద ఊరు దగ్గరగా ఉన్నందుకు చిన్న ఊళ్ళో ఉండాల్సినవి ఉండకుండా పోతాయి. నూరు కిలోమీటర్ల లోపు పెద్ద నగరం లేని ఊరికి, తెనాలి సైజే అయినా, తన డాక్టర్లు తనకి ఉంటారు, తన పుస్తకాల షాపు తనకి ఉంటుంది. వేరే దిక్కు లేదు కాబట్టి. మాకు దిక్కు ముప్ఫై కిలోమీటర్లలో ఉంది. అందుకని పెళ్ళి చీరలకు విజయవాడ, కోచింగ్‌కు గుంటూరు, పెద్ద డాక్టరుకు రెండిట్లో ఏదో ఒకటి. కొనేవాళ్ళు రైలెక్కాక అమ్మేవాళ్ళు ఇక్కడెందుకు ఉంటారు?

ఇది ఇవాళ్టిది కూడా కాదు. మన క్లబ్బులో పేర్లు చెప్పుకుంటూ ఉంటాం: కొడవటిగంటి కుటుంబరావు తెనాలి, చక్రపాణి తెనాలి. నిజమే, పుట్టింది ఇక్కడే. కానీ 'చందమామ' 1947లో మద్రాసులో మొదలైంది, కుటుంబరావు దశాబ్దాల పాటు దాని పని చూసింది అక్కడే. ఆ రోజుల్లో నీడ మద్రాసుది. ఎదురు దిశలో వచ్చినవాడు నాకు తెలిసి ఒక్కడే. నటరాజన్ అనే తమిళ కుర్రాడు పొట్టకూటికి తెనాలి వచ్చాడు. హోటళ్ళలో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, 'శారద' పేరుతో కథలు, నవలలు రాశాడు. 1955లో, ముప్ఫై దాటీదాటకముందే పోయాడు. ఆయన నవల ఒకదాని పేరు 'మంచీ చెడూ'. నాన్న కాగితం చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే. చదవనివాళ్ళు చదవండి.

అసలు ఈ కాగితం ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్తాను.

మార్చిలో ఒక రాత్రి పది గంటలకు తాతయ్య నాయనమ్మతో మాట్లాడి పడుకున్నారు. పదకొండుకు కాస్త ముందు మంచినీళ్ళకి లేవబోయి పడిపోయారు. నేను వెళ్ళేసరికి మూతి ఒక పక్కకు వంగి ఉంది, కుడి చెయ్యి లేవడం లేదు. మాట ముద్దగా వస్తోంది. పక్షవాతం అని అందరికీ అర్థమైంది. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. దాన్ని మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. కొందరిలో అడ్డు కాదు, రక్తనాళం చిట్లుతుంది. వాళ్ళకి అదే ఇంజెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. ఇంకో సంగతి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి: ఆ నాలుగున్నర గంటలు మనిషి పడిపోయినప్పటి నుంచి కాదు, బాగుండగా ఆఖరిసారి చూసినప్పటి నుంచి లెక్క. మాకు గడియారం పదికే మొదలైంది.

నేను "అయ్యో" అనేలోపు పక్కింటి బాబాయి గోడ దూకి వచ్చారు. ఎదురింటి కాంపౌండర్ గారు బీపీ మిషన్ పట్టుకొచ్చారు. బియ్యం వ్యాపారం చేసే పెద్దాయన నిద్రలో లేచి కారు తీశారు. అడ్రసు చెప్పక్కర్లేదు, లిఫ్టు కోసం ఆగక్కర్లేదు. పావుగంటలో ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంత వేగం ఏ అపార్ట్‌మెంట్‌లోనూ జరగదు అని నా నమ్మకం.

అక్కడ డ్యూటీ డాక్టరు చూసి, "న్యూరో సార్ మంగళవారం, శుక్రవారం వస్తారండీ. మీరు ఆలస్యం చేయకుండా విజయవాడ తీసుకెళ్ళండి" అన్నారు. ఆ న్యూరో సార్ ఉండేది విజయవాడలో. అంటే మాకు డాక్టరూ అరువే, వారానికి రెండు రోజులు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, సరైన మాట వెంటనే చెప్పింది. దుగ్గిరాల మీదుగా, మంగళగిరి దగ్గర హైవే ఎక్కి, బ్యారేజీ దాటి ఆసుపత్రి చేరేసరికి పన్నెండూ యాభై. స్కాన్, సంతకాలు, డబ్బు. ఇంజెక్షన్ ఇచ్చేసరికి ఒకటీ ముప్ఫై అయిదు. గడువుకి ఇంకా యాభై అయిదు నిమిషాలుంది.

తాతయ్య ఇప్పుడు నడుస్తున్నారు. కుడి చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుంటారు, సంతకం మాత్రం ఇంకా వంకరగా వస్తుంది. మేం అదృష్టవంతులం. నాన్న మాత్రం ఆ యాభై అయిదు నిమిషాల దగ్గరే ఆగిపోయారు. "ఆ రాత్రి వాన పడి ఉంటే? కారు ఊళ్ళో లేకపోతే? నాయనమ్మ తొమ్మిదికే నిద్రపోయి ఉంటే?" ఇవన్నీ ఆయన ఆ కాగితం ఇవ్వకముందే వేసుకున్న లెక్కలు.

నా సమాధానం ఏంటంటే, ఆ రాత్రి మొదటి పావుగంట తెనాలి కాపాడింది, చివరి నలభై అయిదు నిమిషాలు విజయవాడ కాపాడింది, మధ్యలో గంటకు పైగా కాలం రెండిటి మధ్య దూరం మింగింది. మన ఊరు మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. ఆ దూరం రోజులో ఏ వేళ ఎంత ఉంటుంది అని అడగాలి. పొద్దున ఏడున్నరకి విజయవాడ మాకు నలభై నిమిషాలు. రాత్రి పన్నెండుకి అది ఇంకో జిల్లా. మ్యాపు మీద ఉండేది ఒక్క దూరమే, బతుకులో రెండు దూరాలుంటాయి.

మిగతా మంచి గురించి నాయనమ్మ దగ్గర వినాలి. ఆమెకి డెబ్భై నాలుగేళ్ళు. పొద్దున్నే గుడికి, అట్నుంచి మార్కెట్టుకి, వస్తూ బోసు రోడ్డులో తెలిసిన షాపు అరుగు మీద కాసేపు కూర్చుని, అన్నీ నడిచే వస్తుంది. దారిలో కనీసం పదిమంది "ఏం పెద్దమ్మా, బాబాయికి ఎలా ఉంది?" అని అడుగుతారు. ఫ్లాటుకి మారితే ఆమెకి ఈ నడక ఉండదు, ఎక్కడికైనా ఆటో మాట్లాడాలి, ఆటో మాట్లాడాలంటే మమ్మల్ని అడగాలి. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి ఇది సౌకర్యం తగ్గడం కాదు, స్వతంత్రం పోవడం. అదే పదిమంది నన్నూ చూస్తారు, ఆ సంగతీ చెప్పాలి. నేను క్లాస్‌మేట్‌తో స్టేషన్ బయట టీ తాగితే నేను ఇంటికి చేరేలోపు వార్త చేరుతుంది. రాత్రి గోడ దూకి వచ్చే బాబాయీ, పగలు టీ గ్లాసు లెక్కపెట్టే బాబాయీ ఒక్కరే.

మా అన్నయ్య కేసు వేరు. 2020 నుంచి రెండేళ్ళు బెంగళూరు కంపెనీకి మా మేడ మీద గదిలోంచి పనిచేశాడు. నెట్ బాగానే ఉండేది, ఏప్రిల్‌లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉండేది, అమ్మ పెసరట్టు ఉండేది. జీతం బెంగళూరుది, ఖర్చు తెనాలిది. అరువుకి వడ్డీ లేని రోజులంటే అవే. తర్వాత కంపెనీ రమ్మంది, వెళ్ళాడు. మన సీనియర్లు చాలామంది ఆ రెండేళ్ళ నమ్మకంతో సొంతూళ్ళో ఇళ్ళు కట్టుకున్నారు. ఆఫర్ లెటర్‌లో రాసి లేని వర్క్ ఫ్రమ్ హోమ్‌ను నమ్మి లోన్ తీసుకోకండి.

దోమల గురించి రెండు మాటలు చాలు. ఊళ్ళో మూడు కాలువలున్నాయి. నీళ్ళు వదిలినప్పుడు ఫొటోలకి బాగుంటాయి. ఎండాకాలం కట్టేశాక వాటిల్లో ఏముంటుందో ఫొటో తీయరు.

ఇక స్థలాల రేట్లు. 2014 చివర్లో సీఆర్‌డీఏ వచ్చి తెనాలి రాజధాని ప్రాంతంలో చేరినప్పుడు మా సందులో ప్రతి ఒక్కరూ ఇంటి గోడలు తట్టి చూసుకున్నారట. మూడు రాజధానులు అన్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. 2024 తర్వాత మళ్ళీ బ్రోకర్ల ఫోన్లు. మన ఊరి విలువ మన ఊళ్ళో జరిగే దేనివల్లా పెరగదు, తగ్గదు, పక్కన జరిగేదాన్ని బట్టి ఆడుతుంది. అరువు సైజు ఊరికి ఇదీ ఒక గుణం. అందుకని రేటు చూసి అమ్మొద్దు, రేటు చూసి ఉండిపోవద్దు అని నాన్నకి రాసిచ్చాను.

మీ ఇంట్లో ఈ మాట వస్తే, ఇంటి అద్దె కంటే ముందు ఆఖరి బండి ఎన్నింటికో చూడండి. ఆఖరిదొక్కటే కాదు, మీ అక్కో చెల్లో ఒంటరిగా రాగలిగే ఆఖరిది. గుండెకి, మెదడుకి, కాన్పుకి రాత్రి పన్నెండుకి డాక్టరు ఊళ్ళో ఉంటారా, వారానికి రెండు రోజులొస్తారా అడగండి. సీటీ స్కాన్ రాత్రి నడుస్తుందా కూడా. ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ నడిచి వెళ్ళే చోట్లు ఎన్ని, కొత్త ఇంటి నుంచి వాటిలో ఎన్ని మిగులుతాయి అని వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఈ మూడింటికీ నెట్‌లో రేటింగ్ దొరకదు, ఫోన్లు చేసి కనుక్కోవాలి. నేను చేశాను. మాకు రాత్రుళ్ళు కూడా స్కాన్ తీసే చోటు ఒకటి దొరికింది. ఆ నంబరు, కారున్న పెద్దాయన నంబరు, 108, విజయవాడ ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. పక్కవాళ్ళిద్దరి ఇళ్ళల్లో కూడా.

కాగితం ఇచ్చేశాను. నాన్న చదివి మడిచి బీరువాలో పెట్టారు. జులైలో నేను హైదరాబాద్‌లో జాయినవ్వాలి, అన్నయ్య ఎలాగూ బెంగళూరులో, ఇంట్లో మిగిలేది నలుగురు. ఫ్లాటు వాళ్ళు అడ్వాన్సుకి దసరా దాకా గడువిచ్చారు. మొన్న వాళ్ళొచ్చి బ్రోచర్ చూపిస్తూ స్విమ్మింగ్ పూల్, జిమ్, క్లబ్ హౌస్ అని చెప్తుంటే నాయనమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "అక్కడ్నుంచి కూరగాయల కొట్టుకి నడిచి వెళ్ళొచ్చా బాబూ?" ఆ అబ్బాయి కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.